నాన్నగారి ఒంటి మీద ఏమీ లేదు, కానీ రాత్రంతా గోక్కుంటున్నారు

నిద్రలేని రాత్రి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి డెబ్బై నాలుగేళ్ళు. మూడు నెలలుగా ఒళ్ళంతా దురద. పగలు ఏదో ఒక పనిలో పడి కాస్త మరిచిపోతారు, దీపం ఆర్పితే చాలు మొదలవుతుంది. పిక్కలు, తొడలు, భుజాలు, నడుము, ఇక్కడా అక్కడా అని లేదు. దద్దుర్లు లేవు, పొక్కులు లేవు. పిక్కల మీద మాత్రం సన్నని పొలుసులు కనిపిస్తున్నాయి. తెల్లవారేసరికి దుప్పటి మీద ఆవగింజంత రక్తపు మరకలు. మందుల దుకాణంలో అడిగితే పూయడానికి ఒక క్రీము, రాత్రి వేసుకోవడానికి ఒక మాత్ర ఇచ్చారు. క్రీము పూసిన కాసేపు బాగుంటుంది, అంతే. రక్తపోటుకు మందు వాడుతున్నారు, మధుమేహం లేదు. ఏ సబ్బు వాడాలి, ఒంటికి ఏం రాయాలి, తెలిసినవారు చెప్పండి.

గోరువెచ్చన:
ఆ వయసులో దురద అనగానే ముందు చూడవలసింది పొడిదనం. వయసు పెరిగేకొద్దీ చర్మంలోని నూనె గ్రంథుల పని మందగిస్తుంది. పై పొరలో నీటిని పట్టి ఉంచే కొవ్వు పదార్థాలు, ముఖ్యంగా సెరమైడ్లు, తగ్గిపోతాయి. పిక్కల మీద పొలుసులు అన్నారు కదా, పొడిదనం ఎక్కువగా బయటపడేది అక్కడే.

ఏ సబ్బు అని కాదు, ఎంత సబ్బు అని అడగాలి. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9, 10 దాకా ఉంటుంది, అంటే క్షారం. చర్మం సహజంగా 5కు అటూఇటూగా, కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది. రోజూ ఒళ్ళంతా నురగ పెట్టి రుద్దితే ఉన్న కాస్త జిడ్డూ పోతుంది. చంకలు, గజ్జలు, పాదాలు తప్ప మిగతా ఒంటికి ఆ వయసులో సబ్బు అక్కర్లేదు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి (నేను ఈ పేరు ఊరికే పెట్టుకోలేదు), స్నానం పది నిమిషాలు దాటకూడదు. మరిగే నీళ్ళు పోసుకుంటే దురద తీరినట్టే ఉంటుంది. గంట తర్వాత వడ్డీతో సహా తిరిగి వస్తుంది. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. ఒంటి మీద ఇంకా చెమ్మ ఉండగానే, మూడు నాలుగు నిమిషాల్లోపు మాయిశ్చరైజర్ రాయండి.

ఎంత రాయాలన్న దగ్గరే అందరూ పిసినారులవుతారు. ఒళ్ళంతా పొడిబారిన పెద్దవారికి వారానికి పావుకిలో నుంచి అరకిలో వరకు పడుతుంది. నాలుగు చుక్కలు పెట్టి సరిపెట్టి, అది పనిచేయలేదంటే ఎలా? లోషన్‌లో నీరు ఎక్కువ, ఇట్టే ఆరిపోతుంది. క్రీము నయం, పెట్రోలియం జెల్లీలాంటి చిక్కటి ఆయింట్‌మెంట్ ఇంకా నయం. సువాసన ఉన్నవి వద్దు. యూరియా కలిపినవి పొలుసులకు బాగా పనిచేస్తాయి కానీ గోక్కున్న గాట్ల మీద పడితే భగ్గున మండుతాయి, చూసి రాయండి.

విసుగు వీరుడు:
మూడు నెలలుగా నిద్ర లేని మనిషికి స్నానం పాఠాలా? నాకు గజ్జల్లో వచ్చే దురదకు మూడు మందులు కలిపిన క్రీము ఒకటి ఉంది. పూసిన రాత్రే చల్లబడుతుంది. ఏళ్ళ తరబడి ఇంట్లో అదే ఉంచుకుంటున్నాను. అలాంటిది ఒకటి గట్టిది తెచ్చి పూయండి, పెద్దాయన పడుకుంటారు.

ఔషధశాల:
వీరుడు గారూ, ఏళ్ళ తరబడి ఇంట్లో ఉంచుకోవలసి వస్తోందంటేనే అది తగ్గడం లేదని అర్థం. మీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నిద్రలేని రాత్రి గారూ, ఆ క్రీము పెట్టె మీద ఏ మందుల పేర్లున్నాయో, మాత్ర పేరేమిటో రాయండి. నేను మందుల దుకాణంలోనే పనిచేస్తాను. పేరు తెలియకుండా క్రీము గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

ఆవులింత:
రాత్రి విధుల్లో ఉండే నర్సును. మందుల పేర్లతోపాటు ఇవి కూడా చూసి చెప్పండి.

దురద ముందు వచ్చి తర్వాత మచ్చలు వచ్చాయా, మచ్చలు వచ్చాక దురద మొదలైందా? మీ ఇంట్లో ఇంకెవరికైనా రాత్రిపూట దురద ఉందా? వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, మర్మావయవాల దగ్గర చిన్న పొక్కులు గానీ, సన్నని వంకర గీతలు గానీ ఉన్నాయా? ఈ ఏడాదిలో కొత్తగా మొదలుపెట్టిన మందులేవి? బరువు తగ్గారా? రాత్రి చెమటలు, జ్వరం, మెడలోనో చంకలోనో గడ్డలు ఉన్నాయా? మూత్రం ముదురు రంగులో వస్తోందా, కళ్ళు పచ్చబడ్డాయా? స్నానం చేసిన వెంటనే దురద పెరుగుతోందా?

ఇంకొక్కటి. పగటి వెలుతురులో ఆయన చొక్కా విప్పించి వీపు చూడండి. రెండు రెక్కల ఎముకల మధ్య, చేయి అందని చోట చర్మం ఎలా ఉందో చెప్పండి.

తామరాకు:
ఊహ తెలిసినప్పటి నుంచి ఎగ్జిమా (చర్మం పొడిబారి, వాచి, దురద పెట్టే జబ్బు) ఉన్నదాన్ని కాబట్టి గోకడం గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

దయచేసి ఆయనతో ‘గోకకండి’ అని పదే పదే అనకండి. 1660లోనే శామ్యూల్ హాఫెన్‌రెఫర్ అనే జర్మన్ వైద్యుడు దురదను నిర్వచిస్తూ, గోకాలనే కోరిక పుట్టించే ఇబ్బందికరమైన అనుభూతి అన్నాడు. అంటే గోకాలనిపించడం దురదలో భాగమే, మనిషి బలహీనత కాదు. గోకినప్పుడు పుట్టే నొప్పి వెన్నుపాములో దురద సంకేతాన్ని కాసేపు అణచివేస్తుంది, అందుకే అంత హాయి. కానీ ఆ గోకుడుకే చర్మం చిట్లి, వాపు రేపే రసాయనాలు ఊరి, నరాల కొసలు ఇంకా రేగుతాయి. మళ్ళీ దురద, మళ్ళీ గోకుడు. ఏళ్ళు గడిస్తే ఆ చోట చర్మం దళసరెక్కి, నల్లబడి, గీతలు తేలి ఇంకో జబ్బే అవుతుంది. నా మోచేతి మడత చూస్తే తెలుస్తుంది.

చేయాల్సింది నొప్పికి బదులు చలి ఇవ్వడం. చల్లటి నీళ్ళలో ముంచి పిండిన మెత్తటి నూలు గుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచండి. మంచుముక్క నేరుగా పెట్టకూడదు, గుడ్డలో చుట్టాలి. మాయిశ్చరైజర్ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి వాడితే ఇంకా సుఖం. ఒక శాతం మెంథాల్ కలిపిన లోషన్లు చలిని పసిగట్టే నరాలను తట్టి దురదను మరపిస్తాయి, అయితే చిట్లిన చర్మం మీద వద్దు. గోళ్ళు బాగా పొట్టిగా కత్తిరించి అంచులు అరగదీయండి. రాత్రికి నూలు చేతొడుగులు. దురద భరించలేనప్పుడు గోటితో గీరకుండా అరచేతితో గట్టిగా అదిమి పట్టుకోమనండి. వినడానికి చిన్నవే కానీ, నాకు చాలా రాత్రులు గట్టెక్కింది వీటితోనే.

క్యాలమైన్ లోషన్ గురించి ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ముందే అంటున్నాను: పురుగు కుట్టినప్పుడు, చెమటకాయలకు సరే. అది ఆరి పొడిగా మారుతుంది. పొడి చర్మానికి అదే పనిగా రాస్తే ఇంకా ఎండగడుతుంది.

నిద్రలేని రాత్రి:
ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. క్రీములో క్లోబెటసాల్, మైకోనజోల్, నియోమైసిన్ అని ఉంది. మాత్ర హైడ్రాక్సిజిన్. మాత్ర వేసుకున్నాక పొద్దున దాకా మత్తుగా ఉంటున్నారు, మొన్న అర్ధరాత్రి లేచి స్నానాలగది గుమ్మం దగ్గర తూలి గోడ పట్టుకున్నారు.

దురదే ముందు. గాట్లు గోక్కోవడం వల్ల వచ్చినవే. ఇంట్లో మాకెవరికీ లేదు. వేళ్ళ సందులు శుభ్రంగా ఉన్నాయి. కొత్త మందులేవీ లేవు, రక్తపోటు మందు ఎన్నో ఏళ్ళుగా అదే. జ్వరం లేదు, గడ్డలు లేవు. బరువు కాస్త తగ్గినట్టున్నారు, ఎంతో తెలియదు. మెట్లెక్కితే ఆయాసం అంటున్నారు, వయసు కదా అనుకుంటున్నాం.

వీపు చూశాను. భుజాల మీద, నడుము మీద అంతా గోళ్ళ గీతలు, ఎండిన రక్తం. నడి వీపు మాత్రం నున్నగా ఉంది. రెక్కలు చాచిన సీతాకోకచిలుక ఆకారంలో అంతమేర ఒక్క గీత లేదు. అక్కడ దురద లేదా అని అడిగితే ‘ఎందుకు లేదు, చెయ్యి అందక ఊరుకున్నాను’ అన్నారు.

ఆవులింత:
నేను తెలుసుకోవాలనుకున్నది అదే. చేయి అందిన చోటల్లా గాట్లు, అందని చోట మామూలు చర్మం. చర్మవ్యాధే కారణమైతే నడి వీపులోనూ దాని గుర్తులు కనిపించే అవకాశం ఎక్కువ. దద్దుర్లు లేకుండా ఒళ్ళంతా దురద పెట్టి, ఉన్న మచ్చలన్నీ గోటి పనే అయితే లోపలి కారణాలు కూడా వెతకాలి. పొడిదనం దానికి తోడై ఉండవచ్చు, గోరువెచ్చన గారు చెప్పినవి ఎలాగూ చేయవలసినవే. కానీ ఆరు వారాలు దాటిన దురదను దీర్ఘకాలిక దురద అంటారు. మీది అది దాటి చాలా రోజులైంది. చర్మవైద్యులకు చూపించి రక్తపరీక్షలు అడగండి: పూర్తి రక్తకణాల లెక్క, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపేది), మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్, చక్కెర. మూత్రపిండాల పని బాగా పడిపోయినా, కాలేయం నుంచి పిత్తరసం పారడం ఆగినా, థైరాయిడ్ అటూఇటూ అయినా, ఇనుము తగ్గినా దురద రావచ్చు. అరుదుగా లింఫోమాలాంటి రక్తకణాల క్యాన్సర్లు. భయపెట్టడానికి కాదు, ఒక్కసారి రక్తం ఇస్తే వీటిలో చాలావరకు తేలిపోతాయి.

బరువు తూచి రాసి పెట్టుకోండి. ఆయాసం సంగతి కూడా తప్పకుండా చెప్పండి. ‘వయసు కదా’ అని మనమే తీర్పు చెప్పేస్తే వైద్యుడికి చేరవలసిన సమాచారం ఇంట్లోనే ఆగిపోతుంది.

ఔషధశాల:
ముందు మాత్ర. హైడ్రాక్సిజిన్ పాత తరం యాంటీహిస్టమిన్, అంటే అలర్జీలో ఊరే హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకునే మందు. మెదడులోకి చేరి మత్తు తెస్తుంది, నోరు ఎండుతుంది, మూత్రం బిగబట్టవచ్చు. పెద్దవారిలో తికమకకు, పడిపోవడానికి దారితీస్తుంది. ఆయన ఒకసారి తూలారు కూడా. తుంటి ఎముక విరిగితే దురద కన్నా పెద్ద కథ అవుతుంది. ఈ రోజే మీ వైద్యుడికి ఫోను చేసి ఈ విషయం చెప్పండి. పైగా దద్దుర్లు లేని దురదలో హిస్టమిన్ పాత్ర తరచుగా తక్కువే, నిద్ర పట్టించడం తప్ప అది చేసేది పెద్దగా ఉండదు. సెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్ లాంటి కొత్తవి బాగా పనిచేసేది ఉబ్బుగా లేచి ఒక్కొక్కటీ 24 గంటల్లోపు మాయమయ్యే దద్దుర్లలో. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే వాటికీ మోతాదు మార్చాలి.

ఇక క్రీము. క్లోబెటసాల్ పూత స్టెరాయిడ్లలో అత్యంత బలమైన వర్గానికి చెందినది. వాపు ఉన్న చోట, పరిమితమైన రోజులు, వైద్యుడు చెప్పిన మేరకు వాడితే మంచి మందే. స్టెరాయిడ్ అనగానే పారిపోయే వాళ్ళంటే నాకు చిరాకు. ఎగ్జిమా భగ్గుమన్నప్పుడు దాన్ని రాయకపోవడమూ తప్పే. కొలత కూడా ఉంది: పెద్దవాళ్ళ చూపుడువేలి కొస నుంచి మొదటి కణుపు దాకా ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము, అది రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. కానీ వాపే లేని చర్మానికి, ఒళ్ళంతా, నెలల తరబడి? డెబ్బై నాలుగేళ్ళ చర్మం ఇప్పటికే పలచన, ఇంకా పలచబడి తాకితే చిట్లుతుంది. నియోమైసిన్ అనే యాంటీబయోటిక్ అయితే దానికదే అలర్జీ తెచ్చి కొత్త దురద పెట్టగలదు. రేపు వైద్యుడి దగ్గరికి ట్యూబు పట్టుకుపోయి చూపించండి. ఇన్నాళ్ళూ ఒళ్ళంతా పూశారు కాబట్టి ఎలా ఆపాలో కూడా వారే చెప్పాలి. రక్తపోటు మందుల్లో కొన్ని పెద్దవారిలో దురద తెస్తాయి, ఏళ్ళుగా వాడుతున్నవి కూడా. అయితే దాన్ని మీరుగా ఆపవద్దు, అనుమానం చెప్పండి, చాలు.

హాస్టల్ పక్షి:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఆవులింత గారు అడిగిన వేళ్ళ సందుల పొక్కులు నాకున్నాయి. గదిలో ముగ్గురం, ముగ్గురికీ రాత్రి దురద. నేనొక్కణ్ణే క్రీము పూసుకుని తగ్గించుకున్నాను, మళ్ళీ వచ్చింది.

ఆవులింత:
ముగ్గురికీ గజ్జి అయ్యే అవకాశం చాలా ఎక్కువ, ఒకరు వైద్యం చేయించుకుంటే చాలదు. అది సార్కాప్టిస్ స్కేబీ అనే పురుగు, అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఆడపురుగు చర్మం పై పొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. మొదటిసారి సోకినవారికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. కాబట్టి ‘నాకేం లేదు’ అనేవాడి దగ్గరా పురుగు ఉండవచ్చు.

నిర్ధారణ అయ్యాక సాధారణంగా ఇచ్చేది ఆ పురుగును చంపే ఐదు శాతం పర్మెత్రిన్ క్రీము. దురద ఉన్న చోటే కాదు, మెడ నుంచి అరికాళ్ళ దాకా, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొడ్డులో, మర్మావయవాల మీద, పిరుదుల మధ్య. ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు ఉంచి కడగాలి. మధ్యలో చేతులు కడుక్కుంటే అక్కడ మళ్ళీ పూయాలి. వారం తర్వాత రెండోసారి. గదిలో ఉన్నవారంతా ఒకే రాత్రి చేయాలి, అసలు కిటుకు ఇదే. వాడిన దుస్తులు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకండి. ఉతకలేనివి సంచిలో బిగించి వారం పక్కన పెట్టండి. మనిషి ఒంటిని వదిలితే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండవచ్చు. మందు పనిచేయలేదనుకుని రోజూ పర్మెత్రిన్ పూసుకోకండి, అదే చర్మాన్ని రేపుతుంది.

ఎదురుచూపు:
మీ చర్చ చదువుతుంటే భయం వేసింది. నాకిప్పుడు ముప్పై మూడో వారం. అరచేతులు, అరికాళ్ళు విపరీతమైన దురద, రాత్రి ఇంకా ఎక్కువ. దద్దుర్లు ఏమీ లేవు. పొట్ట సాగుతుంది కదా, దురద మామూలే అని ఇంట్లో అంటున్నారు.

ఆవులింత:
పొట్ట సాగితే పొట్ట దురద పెట్టాలి, అరికాళ్ళు కాదు. ఈ రోజే మీరు చూపించుకునే ఆసుపత్రికి వెళ్ళండి. రేపటికి వాయిదా వేయకండి. గర్భంలో చివరి నెలల్లో దద్దుర్లు లేకుండా అరచేతులు, అరికాళ్ళు దురద పెడితే పిత్తం పారుదల మందగించిందేమో చూడాలి. రక్తంలో పిత్త ఆమ్లాలు, కాలేయ పరీక్షలు చేస్తారు. తల్లికి దురదతో పోయేదే కానీ, పిత్త ఆమ్లాలు బాగా పెరిగితే లోపలి బిడ్డకు ప్రమాదం. ముందే తెలిస్తే కనిపెట్టుకుని ఉంటారు, అవసరమైతే కాన్పు ముందుకు జరుపుతారు. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే ఏ వేళైనా సరే, అప్పటికప్పుడు వెళ్ళాలి.

విసుగు వీరుడు:
ఇంతమంది వైద్యం నడుస్తోంది, నా సంగతి తర్వాత అన్నారు. ఆ తర్వాత ఎప్పుడు?

ఔషధశాల:
ఇప్పుడే. మీ క్రీము పూయకముందు ఆ మచ్చ గుండ్రంగా, అంచు ఎర్రగా పొలుసులతో, మధ్యలో తేటగా ఉండేదా? ఇప్పుడు అంచు చెదిరిపోయి తొడల మీదికి పాకిందా?

విసుగు వీరుడు:
మీరు చూసినట్టే చెబుతున్నారు. కొన్ని తెల్లటి చారలు కూడా వచ్చాయి.

ఔషధశాల:
అది తామర అయి ఉండాలి, అంటే ఫంగస్. అలాంటి క్రీముల్లో ఉండే స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణచి ఫంగస్‌కు ఎదురు లేకుండా చేస్తుంది. ఆకారం మారిపోవడంతో చూసిన వైద్యుడికి కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. చారలు స్టెరాయిడ్ గుర్తులు, రంగు తగ్గుతాయి కానీ పూర్తిగా పోవు. చర్మం కాస్త గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే ఫంగస్ తెలుస్తుంది. ఇన్నేళ్ళు సాగిందంటే పూతతో చాలకపోవచ్చు, నోటి మాత్రలు కొన్ని వారాలు పడవచ్చు. ఆ క్రీము ఆపగానే కొన్నాళ్ళు దురద ఎగదన్నుతుంది, అప్పుడు మళ్ళీ అదే ట్యూబు తీయకండి. లోదుస్తులు రోజూ మార్చండి, స్నానం తర్వాత గజ్జలు పూర్తిగా ఆరనివ్వండి, మీ తువ్వాలు ఇంకొకరు వాడకూడదు.

విసుగు వీరుడు:
సరే. ట్యూబు చెత్తబుట్టలో పడింది. స్నానం పాఠాలన్నందుకు గోరువెచ్చన గారు ఏమీ అనుకోవద్దు.

గోరువెచ్చన:
అనుకోలేదు. గజ్జల్లో సబ్బు వాడవచ్చు, ముందే చెప్పాను.

ఎదురుచూపు:
పిత్త ఆమ్లాలు పెరిగాయన్నారు. అంత ఎక్కువ కాదట. మాత్రలు మొదలుపెట్టారు, ఇకపై తరచుగా రక్తపరీక్ష, బిడ్డ గుండె చప్పుడు చూస్తారట. తిరిగి వచ్చాక ఇంట్లో ఎవరూ ‘మామూలే’ అనడం లేదు. ఆవులింత గారికి ఏం చెప్పాలో తెలియడం లేదు.

నిద్రలేని రాత్రి:
నాన్నగారి ఫలితాలు వచ్చాయి. మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్, చక్కెర అన్నీ బాగున్నాయి. హిమోగ్లోబిన్ తక్కువ, ఫెరిటిన్ మరీ తక్కువ. హైడ్రాక్సిజిన్ ఆపేశారు, క్రీము ఎలా తగ్గించి ఆపాలో రాసిచ్చారు. ఇనుము మాత్రలు, రోజుకు రెండుసార్లు ఒళ్ళంతా ఆయింట్‌మెంట్. అప్పటికీ తగ్గకపోతే అతినీలలోహిత కాంతి చికిత్స గురించి ఆలోచిద్దామన్నారు. ఇనుము నిండితే దురద పోతుందా?

ఆవులింత:
కొందరికి ఇనుము నిండుతుండగానే తగ్గడం మొదలవుతుంది, కానీ నిల్వలు పూర్తిగా నిండటానికి నెలలు పడుతుంది. మాత్రల వల్ల మలం నల్లగా వస్తుంది, కంగారు పడకండి. అయితే మాత్రలు మొదలుపెట్టకముందే నల్లగా, జిగటగా వచ్చేదా అని ఆయన్ను అడిగి వైద్యుడికి చెప్పండి. ఆ వయసు మగవారిలో ఇనుము ఊరికే తగ్గదు. జీర్ణకోశంలో ఎక్కడో కొంచెం కొంచెంగా రక్తం పోతూ ఉండవచ్చు. జీర్ణకోశ నిపుణులకు చూపించమన్నారా?

నిద్రలేని రాత్రి:
అన్నారు. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ వచ్చే వారం. ఆయన ‘దురదకు పోతే పేగులు చూస్తారా’ అని విసుక్కుంటున్నారు. ఆయింట్‌మెంట్ మాత్రం తనే అడిగి రాయించుకుంటున్నారు. నిన్న రాత్రి ఒక్కసారే లేచారు.

ఔషధశాల:
ఒక జాగ్రత్త. రోజుకు రెండుసార్లు ఒళ్ళంతా జిడ్డు రాస్తే దుస్తులకూ పక్కబట్టలకూ పడుతుంది. ఆ జిడ్డు ఇంకిన గుడ్డకు నిప్పు తగిలితే మామూలు గుడ్డ కన్నా వేగంగా అంటుకుంటుంది, ఉతికినా పూర్తిగా పోదు. ఆయనకు పొగతాగే అలవాటు ఉందా? స్నానాలగది నేల కూడా జారుతుంది, రబ్బరు చాప వేయండి.

నిద్రలేని రాత్రి:
సిగరెట్ మానేసి చాలా కాలమైంది. చాప ఇవాళే వేస్తాను.